బుధవారం భోజనం

"ఎప్పుడూ బుధవారం కదా, ఇవాళ శనివారం వచ్చారేంటండీ?" అన్నాడు బుచ్చిబాబు, మంచినీళ్ళ గ్లాసులు బల్ల మీద పెడుతూ.

ఏసుకుమార్ మెనూ కార్డులోంచి తలెత్తలేదు. ఎదురుగా కూర్చున్న అతని భార్య పెర్సిస్ ఎత్తింది. బుచ్చిబాబు ఆమెను అప్పుడే చూసినట్టు ఒక్క క్షణం ఆగి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచి వెళ్ళిపోయాడు.

"ఆయన ఎవరితో అన్నారండీ?" అని అడిగింది పెర్సిస్.

"ఎవరనుకున్నాడో ఏంటో. రోజుకి ఎంతమందిని చూస్తాడు."

కైకరం దాటాక హైవే పక్కన ఉంటుంది ఆ ఫన్ పార్కు. పేరు జలకళ. జెయింట్ వీల్, కొలంబస్ ఊయల, బొమ్మ రైలు, పిల్లలు ఆడుకునే నీటి మడుగు. వాటన్నిటికీ ముందు పడవ ఆకారంలో కట్టిన రెస్టారెంటు. ఒక గుమ్మం పార్కులోకి, ఇంకోటి రోడ్డు మీదికి. గోడలకి పడవకి ఉన్నట్టు గుండ్రటి కిటికీలు. పార్కు తెరిచిన ఏడాది నుంచీ ప్రతి ఏప్రిల్లోనూ, పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోయిన శనివారం, పెర్సిస్ భర్తని వెంటబెట్టుకుని ఇక్కడికి భోజనానికి వచ్చేది. ఊయలలూ అవీ ఎక్కేవాళ్ళు కాదు. కిటికీ పక్కన కూర్చుని ఎదుటివాళ్ళ పిల్లలు కేకలు పెడుతుంటే వింటూ తినేవాళ్ళు. వాళ్ళకి పిల్లల్లేరు. పెళ్ళయి పదకొండేళ్ళు. ఏడాదంతా ఎదురుచూసే భోజనం ఆమెకి అదొక్కటే.

ఆమె చేబ్రోలు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. అతను చేపల వ్యాను డ్రైవరు. నిడమర్రు వైపు చెరువుల దగ్గర లోడెత్తి ఏలూరు ఐసు ఫ్యాక్టరీలో దించి వస్తాడు. కాపురం తాడేపల్లిగూడెంలో.

ఆమె చెప్పిన బిర్యానీ పింగాణీ ప్లేటులో వచ్చింది. అతనికి మాత్రం అన్నంతో పాటు చేపల పులుసు చిన్న స్టీలు గిన్నెలో వచ్చింది. చుట్టూ ఏ బల్ల మీదా స్టీలు గిన్నె లేదు. పైగా అతను పులుసు చెప్పనే లేదు.

"ఇది మీరు అడిగారా?"

"తెచ్చాడు కదా. పోనీలే."

అతను ముక్క నోట్లో పెట్టుకుని, తలెత్తి వంటింటి కిటికీ వైపు చూశాడు. పెర్సిస్ కూడా చూసింది. అక్కడ తల మీద కొంగు కప్పుకున్న మనిషి నీడ ఒకటి ఠక్కున పక్కకి తప్పుకుంది. ఆ తర్వాత ఆమె నోటికి బిర్యానీ రుచి తెలియలేదు.

ఏసుకుమార్ మాటలు తక్కువ మనిషి. రోజంతా బండి చప్పుడులో ఉండి వచ్చేవాడికి మాటలేం ఉంటాయని ఇన్నాళ్ళూ ఆమె సర్దుకుపోయింది. ఇప్పుడు ఆ మౌనమే ముల్లులా గుచ్చుకోసాగింది. రోజూ అతనికి క్యారేజీ కట్టి ఇస్తుంది. బుధవారాలు ఇక్కడ తింటున్నాడంటే ఆ క్యారేజీ ఎవరు తింటున్నట్టు? సాయంత్రానికి అది ఖాళీగానే వస్తోంది. అదీ కడిగి వస్తోంది. అతను కడిగితే మూతకి ఎప్పుడూ కాస్త జిడ్డుంటుంది. ఈమధ్య బుధవారాల్లో మూత కూడా తళతళలాడుతోందని ఆమెకి అప్పుడు తట్టింది.

తర్వాతి బుధవారం క్యారేజీలో కాకరకాయ వేపుడు పెట్టింది. కాకరకాయంటే అతనికి పడదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వండితే మజ్జిగన్నం తిని లేచిపోయాడు. సాయంత్రం అతను చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే అడిగింది.

"కూర ఎలా ఉందండీ ఇవాళ?"

"బాగుంది."

"ఏం కూరో గుర్తుందా?"

"రోజూ కూర పేరు గుర్తుపెట్టుకుంటారా ఎవరైనా?" అని దొడ్లోకి వెళ్ళిపోయాడు.

అతను నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తూ ఉండగా ఆమె కొక్కేనికున్న చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. అలా చెయ్యడం ఆమెకి అదే మొదలు. డ్రైవింగ్ లైసెన్సు ప్లాస్టిక్ కవరులో, లైసెన్సు వెనకాల, స్టాంపు సైజు ఫోటో ఒకటి ఉంది. స్కూలు యూనిఫాం వేసుకున్న ఆడపిల్ల. తొమ్మిదేళ్ళుంటాయి. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఫోటో తీసేవాడి మీద కోపం వచ్చినట్టు చూస్తోంది.

పెర్సిస్ ఆ ముఖంలో భర్త ముక్కు వెతికింది. అతని కనుబొమలు వెతికింది. ఉన్నాయనిపించింది, లేవనిపించింది. తొమ్మిదేళ్ళు. అంటే తమకి పెళ్ళయిన రెండేళ్ళకి. ఆ ఏడాది అతను ఏలూరులోనే గది తీసుకుని, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. లెక్క సరిపోయింది. ఆమె ఫోటో తీసుకుని కవరు జేబులో పెట్టేసింది.

మర్నాడు అతను జేబులు వెతుక్కున్నాడు. బండి సీటు కింద వెతికాడు. ఏం పోయిందని ఆమె అడగలేదు, ఏం పోయిందో అతను చెప్పలేదు. వారమంతా ఇద్దరూ ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ తిరిగారు. ఆదివారం చర్చిలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు ఆమె కళ్ళు తెరిచి, మగవాళ్ళ వైపు కూర్చున్న అతన్ని చూసింది. అతనూ కళ్ళు తెరిచే ఉన్నాడు.

ఒంటిపూట బడులు. పన్నెండున్నరకి బడి వదిలారు. బుధవారం. ఆమె గూడెం వైపు వెళ్ళే బస్సు వదిలేసి, అవతలి పక్కకి వెళ్ళి కైకరం ఆటో ఎక్కింది. రోడ్డు ఎండకి మరిగిపోతోంది. పార్కు ముందు చింతచెట్టు నీడలో అతని వ్యాను ఆగి ఉంది.

లోపల మధ్య వరసలోని బల్లలకి వెదురు తడికెలు అడ్డంగా కట్టారు. వంటింటి గుమ్మం పక్క బల్ల దగ్గర అతని చొక్కా కనిపించింది. పెర్సిస్ కొంగు తల మీదికి లాక్కుని, తడికెకి ఇవతలి బల్ల దగ్గర, అతని వీపుకి వీపు ఆనేంత దగ్గరగా కూర్చుంది. బుచ్చిబాబు ఆమెను గుర్తుపట్టాడు. నోరు తెరవబోయాడు. ఆమె వేలెత్తి వద్దన్నట్టు చూపించింది. పాపం అతను నీళ్ళు కూడా పెట్టకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

తల తిప్పి తడికె సందుల్లోంచి చూసింది. భర్తకి ఎదురుగా ముప్పై దాటిన మనిషి కూర్చుని ఉంది. నూలు చీర, తల మీద కొంగు, మోచేతి మీద నూనె కాలిన మచ్చ. పెర్సిస్ పొద్దున్న కట్టిన క్యారేజీ ఆమె ముందు విప్పి ఉంది. దొండకాయ కూర కలుపుకుని తింటోంది. ఏసుకుమార్ ముందు స్టీలు గిన్నెలో పులుసు ఉంది. అతను తినడం లేదు, మాట్లాడుతున్నాడు. ఆపకుండా, మెల్లగా, పిల్లల్ని నిద్రపుచ్చే గొంతుతో మాట్లాడుతున్నాడు. పదకొండేళ్ళలో ఆ గొంతు పెర్సిస్ ఒక్కసారి కూడా వినలేదు.

"పూళ్ళ దగ్గరికి వచ్చేసరికి గూడబాతులు ఎగురుతున్నాయండి. పాప చూసింది. ఎన్నున్నాయి అని అడిగింది. నువ్వే లెక్కపెట్టు చిట్టితల్లీ అన్నాను. ఏడు దాకా లెక్కపెట్టింది."

"ఏడేనా?" అంది ఆ మనిషి.

"ఏడేనండి. తర్వాత అవి చెట్ల చాటుకి పోయాయి."

పెర్సిస్ లేచింది. తడికె చుట్టూ తిరిగి వెళ్ళి బల్ల పక్కన నిలబడింది. హ్యాండ్‌బ్యాగులోంచి ఫోటో తీసి దొండకాయ కూర గిన్నె పక్కన పెట్టింది.

"ఈ పాప ఎవరండీ?"

ఏసుకుమార్ కుర్చీ వెనక్కి జరిగింది. లేచి నిలబడ్డాడు. జవాబు ఆ మనిషే చెప్పింది. చెయ్యి కడుక్కోవడానికి కూడా లేవకుండా, ఎడంచేత్తో ఫోటోని కూర గిన్నెకి దూరంగా జరిపి, "మా హుమా అండీ," అంది. "నా పేరు సఫియా. మీరు పెర్సిస్ గారు కదా. మొన్న శనివారం కిటికీలోంచి చూశాను. కూర్చోండి."

"పాప ఎక్కడుంది?"

సఫియా ఏసుకుమార్ వైపు చూసింది. "అన్నయ్యగారూ, మీరు చెప్పలేదా ఇంట్లో?"

ఆ పిలుపుతో పెర్సిస్ అనుమానం కొంచెం సడలింది. కొంచెమే.

"పెర్సీ," అన్నాడు ఏసుకుమార్. "ఆ రోజు నా బండిలో... ఆ పాపే."

పెర్సిస్ కూర్చుండిపోయింది.

ఏడాదిన్నర క్రితం సంగతి అది. కైకరం సెంటర్లో బడి నుంచి వస్తున్న పాపని కారు ఒకటి కొట్టి వెళ్ళిపోయింది. వెనకాల వస్తున్న ఏసుకుమార్ బండి ఆపి, పాపని ఎత్తుకుని, చేపల లోడుతోనే ఏలూరు తీసుకెళ్ళాడు. ఆస్పత్రి చేరేలోపే ప్రాణం పోయింది. సీటు మీద రక్తం చూసి అతని బండే కొట్టిందన్నారు. పాప తరపువాళ్ళు కూడా అదే చెప్పారు. రెండు రోజులు పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టారు. పెర్సిస్ చర్చి పెద్ద అహరోను గారిని వెంటబెట్టుకుని వెళ్ళి అతన్ని విడిపించుకొచ్చింది. నెల తర్వాత ఆ కారు దొరికింది. ఇక ఆ మనుషుల ఛాయలకి వెళ్ళనని ఆమె భర్త చేత బైబిలు మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది.

"నన్ను తిట్టుకోండి," అంది సఫియా. "ఈయన పేరు పోలీసులకి చెప్పింది నేనే. అప్పుడు అలాగే అనుకున్నాను. కారు దొరికాక మొహం చూపించడానికి సిగ్గేసింది. కిందటేడు ఈయన ఇక్కడికి తినడానికి వస్తే వంటింట్లోంచి చూసి గుర్తుపట్టాను. ఒక్క మాట అడుగుదామని బయటికి వచ్చాను. పాప ఏమన్నా అందా అని."

పెర్సిస్ భర్త వైపు తిరిగింది. స్టేషన్ నుంచి వచ్చిన రోజు అతను గోడకి ఆనుకుని కూర్చుని చెప్పింది ఆమెకి అక్షరం అక్షరం గుర్తుంది. పాప కళ్ళు తెరవలేదు పెర్సీ, ఒక్క మాట కూడా మాట్లాడలేదు అన్నాడు. మరి ఈ గూడబాతులేమిటి? ఏడు దాకా లెక్కపెట్టడమేమిటి? ఆ రోజు తనతో అబద్ధమాడాడా, ఇవాళ ఈ తల్లితో ఆడుతున్నాడా? ఆడదాని గురించిన అనుమానం పోయి దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. ఇది ముందుదానికంటే చల్లగా ఉంది.

"నేను చెయ్యి కడుక్కొస్తాను," అని ఏసుకుమార్ కదిలాడు. అతను అసలు తిననే లేదు. కుళాయి వైపు వెళ్ళి, అక్కడ ఆగకుండా రోడ్డు మీదికి వెళ్ళి బండి పక్కన నిలబడ్డాడు.

"మీ చేతి వంట ఏడాది నుంచీ తింటున్నానండి," అంది సఫియా. "ఆయనకి మా పులుసు పెట్టి మీ క్యారేజీ నేను తింటాను. రోజూ వండే మనిషికి ఇంకొకళ్ళు వండింది తినాలని ఉంటుంది కదా. మొన్నటి కాకరకాయ మాత్రం కొంచెం మాడింది."

ఇంకో రోజైతే పెర్సిస్ నవ్వేది.

"సఫియా గారూ, ఆయన మీకు ఏమేం చెప్పారు?"

"మొదటి రోజు, అమ్మా అని పిలిచిందండి అన్నారు. తర్వాత వారం, మంచినీళ్ళు అడిగిందన్నారు. బడిలో నేర్చుకున్న పద్యం అప్పజెప్పిందన్నారు. ఇవాళ గూడబాతులు."

"మీరు నమ్మారా?"

సఫియా క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టింది. మూత తీసి మళ్ళీ పెట్టింది.

"హుమా నన్ను ఎప్పుడూ అమ్మా అనలేదండి. అమ్మీ అంటుంది. మొదటి రోజే తెలిసింది నాకు."

"తెలిసీ ఏడాది నుంచీ..."

"మా ఆయన అయాజ్ బండ్ల సీటు కవర్లు కుడతాడు. మంచివాడే. కానీ పాప పోయాక ఇంట్లో దాని పేరు ఎత్తనివ్వడు. బట్టలు, పుస్తకాలు మా అత్తగారు ఎవరికో ఇచ్చేశారు. ఆ ఫోటో ఒక్కటి నేను బియ్యం డబ్బాలో దాచాను. ఇంట్లో ఎవరైనా చూస్తారని ఈయన దగ్గర పెట్టమన్నాను. నేను నోరు తెరిస్తే చుట్టుపక్కలవాళ్ళు ఊరుకోమంటారు, దేవుడి దగ్గర ఉంది కదా అంటారు. వారానికి ఒక్కరోజు ఒక మనిషి నా ముందు కూర్చుని పాప, పాప అంటున్నాడు. అబద్ధమైతే ఏంటండీ?" ఆగింది. "కానీ ఈమధ్య ఇంకో అనుమానం వస్తోంది. ఇన్ని అబద్ధాలు చెబుతున్నాడంటే ఏదో నిజం దాస్తున్నాడేమో అని. రెండు బుధవారాలుగా ఆ ఆలోచనతో నిద్రపట్టడం లేదు."

అదే అనుమానం పెర్సిస్‌కీ ఉంది. ఇద్దరూ గుండ్రటి కిటికీలోంచి బండి పక్కన నిలబడ్డ మనిషిని చూశారు. చివరికి పెర్సిస్ లేచి ఎండలోకి వెళ్ళింది.

"ఏవండీ, లోపలికి రండి. ఆవిడకి జరిగింది చెప్పండి."

"చెబుతూనే ఉన్నా కదా."

"నాకు చెప్పిందీ, ఆవిడకి చెప్పిందీ రెండూ నిజం కావండి. మీరేదో దాస్తున్నారని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. చేబ్రోల్లో ముప్పై మంది పిల్లలు రోజూ నాతో అబద్ధాలు చెబుతారు. రండి."

అతను వచ్చి కూర్చున్నాడు. పార్కులో కొలంబస్ ఊయల మొదలైనట్టుంది, పిల్లలు ఒక్కసారిగా అరిచారు. ఆ అరుపులు తగ్గేదాకా ఆగి మొదలుపెట్టాడు.

"పాప ఏం మాట్లాడలేదండి. కళ్ళు తెరవలేదు. మీరు అడిగితే లేదని చెప్పలేకపోయాను. ఒకటి చెప్పాక ఇంకోటి చెప్పాల్సి వచ్చింది."

సఫియా తలూపింది. "ఇంకా?"

"నేనే మాట్లాడాను. పాప పేరు తెలియదు. చిట్టితల్లీ, చిట్టితల్లీ అంటూ మాట్లాడుతూనే ఉన్నాను. పూళ్ళ దాటామమ్మా, అదుగో భీమడోలు, ఇంకెంత, గుండుగొలను వచ్చేస్తే వచ్చేసినట్టే అని ఊళ్ళ పేర్లు చెప్పాను. మా ఆవిడ టీచరు, నీకు లెక్కలు చెబుతుందన్నాను. ఈ పార్కుకి తీసుకొస్తాను, జెయింట్ వీల్ ఎక్కిస్తానన్నాను. పిల్లలతో అంత మాట్లాడటం నాకు అదే మొదలు."

పెర్సిస్ తల దించుకుంది.

"దాచింది అది కాదు కదండీ," అంది సఫియా.

"కాదండి. తల నా తొడ మీద పెట్టుకున్నాను. భీమడోలు దాకా పాప నా చొక్కా అంచు పట్టుకునే ఉంది. గట్టిగా పట్టుకుంది. భీమడోల్లో డాక్టరు బోర్డు కనపడింది. ఆపుదామా అనుకున్నాను. పెద్దాస్పత్రికే వెళ్ళాలి, ఆపితే ఆలస్యమవుతుందని ఆపలేదు. ఊరు దాటిన కాసేపటికి పట్టు వదిలేసింది. ఆపి ఉంటే బతికేదేమో నాకు తెలియదండి. ఎవరినీ అడగలేదు. అడగడానికి భయమేసింది."

అతను పోలీసులకి ఇది చెప్పలేదు. భార్యకీ చెప్పలేదు. పెర్సిస్ అతని చెయ్యి పట్టుకుందామనుకుంది గానీ, ఆ తల్లి ఎదురుగా పట్టుకోవడానికి మనసొప్పలేదు.

సఫియా అతన్ని కన్నార్పకుండా చూస్తోంది. ఏడాదిగా ప్రతి మాటనీ అనుమానిస్తూ విన్న మనిషి ఈ మాటని మాత్రం ఎందుకు నమ్మాలి? ఆమె ముఖంలో ఆ ప్రశ్న స్పష్టంగా కనిపించింది.

"ఏ చేత్తో పట్టుకుందండీ?" అని అడిగింది.

ఏసుకుమార్ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచాడు. తన చొక్కా అంచుని తడుముకుని, తొడ మీద పాప తల ఉన్నట్టు కిందికి చూశాడు.

"ఎడంచేత్తోనండి."

సఫియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. వంటింట్లోంచి ఎవరో ఆమెను పిలిచారు. బుచ్చిబాబు గుమ్మం దగ్గర నిలబడి, ఆగమన్నట్టు లోపలికి చెయ్యి ఊపాడు.

"అన్నీ ఎడంచేత్తోనే చేసేదండి అది," అంది సఫియా, కొంగు తీసి. "అన్నం కుడిచేత్తో తినమని మా అత్తగారు చేతి మీద కొట్టేవారు. అయినా మానలేదు."

భీమడోలు గురించి ఆమె ఏమీ అనలేదు. క్షమించానని గానీ, తప్పు మీదేనని గానీ చెప్పలేదు. ఏసుకుమార్ ఆ మాట కోసం కాసేపు ఎదురుచూసి, అది రాదని అర్థం చేసుకుని గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. చల్లారిన పులుసు తినడం మొదలుపెట్టాడు.

"ఇంక మా ఆయన్ని ఏమీ అడక్కండి," అంది పెర్సిస్. "ఆయనకి తెలిసింది ఇంతే. మీకే ఎక్కువ తెలుసు. పాప ఎలా ఉండేదో మీరు చెప్పండి, మేం వింటాం."

సఫియా ఆమెను అనుమానంగా చూసింది. అడిగినవాళ్ళు ఇన్నాళ్ళూ ఎవరూ లేరు. మర్యాదకి అడుగుతోందా, నిజంగా వింటుందా అని తేల్చుకోవడానికి ఒక్క నిమిషం తీసుకుంది. ఆ నిమిషంలో పెర్సిస్ పొద్దున్న నుంచీ ఏమీ తినలేదని ఎలా తెలుసుకుందో, లేచి వంటింట్లోకి వెళ్ళి ఒక ప్లేటులో అన్నం, ఇంకో స్టీలు గిన్నెలో పులుసు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"తింటూ వినండి," అంది కూర్చుంటూ. "మొండిదండీ. పుట్టడమే ఎదురుకాళ్ళతో పుట్టింది. అత్తిలిలో మా పుట్టింట్లో. ఆ రోజు ఒకటే వాన..."

పెర్సిస్ అన్నం కలుపుకుంది.